కంపెనీ అధిపతి సోషల్ మీడియాలో ప్రజలకు స్వయంగా జవాబివ్వడం ఎలా?

వ్యాపారవేత్తల సోషల్ మీడియా ఖాతాలు చూసుకోవడం నా వృత్తి. కుటుంబ వ్యాపారం నడిపేవారి నుంచి స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీ ఎండీల వరకు, ఈ పనికి కొత్తగా దిగేవారంతా ముందుగా అడిగేది ఫాలోయర్లు ఎలా పెరుగుతారనే. ఆ ప్రశ్నతో మొదలైన ఖాతాల్లో శాలువాలు, పుష్పగుచ్ఛాలు, పండగ శుభాకాంక్షలు వరుసగా కనిపిస్తాయి. వాటి కింద కస్టమర్ల ఫిర్యాదులు పేరుకుపోయి ఉంటాయి, ఒక్కదానికీ జవాబు ఉండదు. ఖాతా తెరవడం, నాలుగు మాటలు రాయడం ఎవరైనా చేయగల పనులు కనుక వాటిని ఇక్కడ త్వరగా ముగిస్తాను. నలుగురి ముందు నిలదీసిన కస్టమర్‌కు అధిపతి స్వయంగా జవాబు చెప్పడమే అసలు కష్టం, ఎక్కువమంది చెడగొట్టుకునేదీ అక్కడే.

1. వేదికను ఎంచుకోండి

ఒకటి లేదా రెండు వేదికలు చాలు. ఫిర్యాదులు, విలేకరులు, ప్రభుత్వ శాఖలు ఉండేది ఎక్స్‌లో (పాత ట్విట్టర్). ఉద్యోగులు, తోటి వ్యాపారులు ఉండేది లింక్డ్‌ఇన్‌లో. మీ సరుకు జిల్లాల్లో అమ్ముడుపోయేదైతే ఫేస్‌బుక్‌ను వదలకండి, మన ఊళ్లలో కొనుగోలుదారులు ఇప్పటికీ అక్కడే ఎక్కువగా మాట్లాడతారు. వాట్సాప్ ఛానెల్‌లో మీరు చెప్పడమే తప్ప వారు తిరిగి మాట్లాడే వీలు లేదు కనుక, ప్రజలతో సంభాషణకు అది పనికిరాదు.

2. ఖాతాను మీ చేతిలో ఉంచుకోండి

ఖాతా మీ సొంత ఫోన్ నంబరుతో, మీ సొంత ఈమెయిల్‌తో ఉండాలి, రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరిగా పెట్టుకోవాలి. ఏజెన్సీ కుర్రవాడి నంబరుతో తెరిచిన ఖాతా, అతడు ఉద్యోగం మారిన నాడు ఎవరిదీ కాకుండా పోతుంది. ఎక్స్‌లో నీలి టిక్కు 2023 నుంచి డబ్బు కట్టినవారికి దొరుకుతున్నందున, అది మీరే మీరని నిరూపించదు. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఖాతా లింకు ఇవ్వడమే నమ్మకమైన పద్ధతి. మీ పేరుతో తిరిగే నకిలీ మాటలను ఖండించడానికి కూడా ఈ ఖాతా అవసరం. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ తరువాతి ఆర్థిక వ్యవస్థ గురించి రతన్ టాటా పేరుతో ఒక సందేశం ఊరూరా తిరిగినప్పుడు, అది తాను అన్నదీ రాసినదీ కాదని ఆయన తన ఖాతాలోనే చెప్పగలిగారు.

3. ఏమి రాయాలి

వారానికి రెండు పోస్టులు, అంతకు మించవద్దు. హ్యాష్‌ట్యాగులు పెట్టకూడదు. సన్మానాల ఫొటోలు అసలే పెట్టకూడదు. కొనేవారు తెలుగువారైతే తెలుగులోనే రాయాలి. రాత్రి తొమ్మిది దాటాక ఏదీ పెట్టకూడదు. ఇవన్నీ నా అభిరుచులే కదా అని కొందరు అడుగుతారు. కావచ్చు, కానీ నేను చూసే ఖాతాలన్నిటికీ ఇవే నియమాలు.

మీ గురించి కాకుండా మీ కంట పడిన ఎదుటి మనిషి పని గురించి రాయడం ఉత్తమం. 2018లో మహీంద్రా గ్రూపు అధిపతి ఆనంద్ మహీంద్రా, హర్యానాలో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఒక వ్యక్తి తన చోటుకు ‘గాయపడిన బూట్ల ఆసుపత్రి’ అని బోర్డు పెట్టుకున్న ఫొటోను చూపించి, ఇతడు ఐఐఎంలో మార్కెటింగ్ పాఠం చెప్పదగినవాడని మెచ్చుకున్నారు. అంతటితో ఊరుకోకుండా తన మనుషులను పంపించి, అతడికేం కావాలో కనుక్కుని, తన డిజైన్ స్టూడియోతో ఒక చిన్న దుకాణం నమూనా చేయించారు. ఆ పోస్టులో ఆయన కంపెనీ ట్రాక్టరు ఊసే లేదు, అయినా ఆ కంపెనీ అధిపతి ఎలాంటివాడో చదివినవారికి తెలిసింది. డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలు నెలకు సరిపడా ఒకేసారి తయారుచేసి ఇచ్చే పోస్టుల క్యాలెండర్‌లో ఇలాంటిది ఎన్నటికీ రాదు. వాటిలో సంక్రాంతికి ముగ్గు, ఉగాదికి పచ్చడి గిన్నె, మధ్యలో ఎవరిదో ఒక సూక్తి ఉంటాయి, పక్క కంపెనీ లోగో అతికించినా తేడా తెలియదు.

4. నమోదైన కంపెనీ అయితే ఒక అడ్డుగీత

షేరు ధరను కదిలించగల ఏ సమాచారమూ ముందు మీ ఖాతాలో కనబడకూడదు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల ప్రకారం అది మొదట స్టాక్ ఎక్స్ఛేంజీలకు చేరాలి. బోర్డు సమావేశపు నిర్ణయాలనైతే సాధారణంగా సమావేశం ముగిసిన 30 నిమిషాలలోగా తెలియజేయాలి. ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లో అది కనబడిన తరువాతే మీరు పోస్టు పెట్టండి. 2018 ఆగస్టులో ఇలాన్ మస్క్, టెస్లాను షేరుకు 420 డాలర్ల చొప్పున ప్రైవేటు కంపెనీగా మార్చే ఆలోచనలో ఉన్నానని, నిధులు సిద్ధమని రాసిన ఒక్క ట్వీట్‌కు ఆయన 2 కోట్ల డాలర్లు, కంపెనీ మరో 2 కోట్ల డాలర్లు కట్టవలసి వచ్చింది, చైర్మన్ పదవి కూడా వదులుకోవలసి వచ్చింది. శ్రీధర్ వెంబు 2025 జనవరిలో జోహో సీఈఓ పదవి నుంచి తప్పుకుంటున్నట్టు ఎక్స్‌లోనే ప్రకటించారు కదా అని ఎవరైనా అడిగితే, జోహో స్టాక్ మార్కెట్‌లో లేదన్నదే జవాబు.

5. కోపంగా ఉన్న కస్టమర్‌కు జవాబు

ఇక్కడ నిదానించండి. ఉదాహరణకు మీది బోరు మోటార్ల కంపెనీ అనుకుందాం. వరి నాట్లు పడే రోజుల్లో ఒక రైతు కాలిపోయిన మోటారు ఫొటో, కొన్న బిల్లు పెట్టి, మిమ్మల్ని ట్యాగ్ చేసి ఇలా రాశాడు: “రెండు నెలల్లో రెండుసార్లు కాలింది. డీలరును అడిగితే ఓల్టేజీ తక్కువ అంటున్నాడు. నారు ఎండిపోతోంది. డబ్బులు తీసుకునేటప్పుడు ఓల్టేజీ గుర్తు రాలేదా?” గంటలో దాన్ని రెండు వందల మంది పంచుకున్నారు.

మీ కస్టమర్ కేర్ విభాగం వెంటనే పెట్టబోయే జవాబు నాకు కంఠతా వచ్చు: “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. దయచేసి మీ ఫోన్ నంబరు పంపండి.” దాన్ని ఆపించండి. నారు ఎండిపోవడం అసౌకర్యం కాదు. పైగా ఆ రైతు తన నంబరును అందరికీ కనబడేలా రాస్తే, కస్టమర్ కేర్ పేరుతో కాచుకుని ఉండే సైబర్ మోసగాళ్లు మీకంటే ముందు ఫోన్ చేస్తారు. ఓటీపీ అడిగి బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు, ఆ నింద కూడా మీ కంపెనీ మీదే పడుతుంది. నంబరు కావాలంటే వ్యక్తిగత సందేశం మీరే ముందు పంపి, అందులోనే అడగాలి.

మొదటి జవాబు పగటిపూట రెండు గంటలలోపు వెళ్లాలి. అందులో వాదన ఉండకూడదు, పరిష్కారం గురించిన వాగ్దానం కూడా ఉండకూడదు. వాగ్దానం చేయవలసింది సమయం గురించి మాత్రమే: “నమస్కారమండీ. ఫొటో, బిల్లు చూశాను. డీలరుతోనూ మా సర్వీసు వారితోనూ నేనే మాట్లాడుతున్నాను. రేపు సాయంత్రం ఐదు లోపల ఏం తెలిసిందో ఇక్కడే చెబుతాను.” ఇందులో ‘ఇక్కడే’ అన్నది ముఖ్యం. పది మంది ముందు అడిగినవాడికి చాటుగా జవాబిస్తే, మిగిలినవారి లెక్కలో మీరు జవాబివ్వనట్టే. తెలియనిది అప్పుడే తేల్చి చెప్పకండి. మోటారు విప్పి వైండింగ్ చూడకుండా, ఓల్టేజీ వల్లే పోయిందని మీరు కూడా అన్నారంటే, డీలరు తప్పును మీరు సంతకం పెట్టి స్వీకరించినట్టు అవుతుంది. ఓల్టేజీ నిజంగానే కారణమైనా, అది మెకానిక్కు పొలానికి వెళ్లి మీటరు పెట్టి చూశాక చెప్పవలసిన మాట.

ఆ తరువాత ఫోన్ పక్కన పెట్టి పని చేయాలి. బిల్లు మీద సీరియల్ నంబరు ఉంటుంది. అదే బ్యాచ్ మోటార్లు ఇంకెన్ని తిరిగివచ్చాయో ఫ్యాక్టరీలో అడగండి. డీలరుతో మీరే మాట్లాడండి, మధ్యలో ఏరియా మేనేజరును పెడితే కథ మారిపోయి వస్తుంది. ఈ విచారణ పూర్తికాకుండా రెండో జవాబు రాయకూడదు, గడువు దగ్గర పడితే “ఇంకా మోటారు విప్పలేదు, రేపు పదింటికి విప్పుతారు” అని గడువులోపే చెప్పాలి.

రెండో జవాబులో మూడు మాటలుండాలి: ఏం జరిగింది, అందులో మా తప్పు ఎంత, ఎప్పటిలోగా ఏం చేస్తాం. “మోటారు విప్పి చూశారు. సీలు లోపం వల్ల నీరు లోపలికి వెళ్లింది, అది మా తయారీ లోపం. ఓల్టేజీ అని మా డీలరు చెప్పడం తప్పు. కొత్త మోటారు ఈ రాత్రికి మీ ఊరు చేరుతుంది, దించి బిగించే ఖర్చు మాదే.” ‘ఒకవేళ మా వల్ల ఇబ్బంది కలిగి ఉంటే’ అన్న మాట ఎక్కడా రాకూడదు. తప్పు మీది కాదని తేలితే అది కూడా ఇంతే స్పష్టంగా, మెకానిక్కు చూసిన రీడింగుతో సహా చెప్పి, రైతు చేయగలిగింది ఏమిటో చెప్పాలి. ఆ రైతు ఏడాదిగా డీలరుకు బాకీ ఉన్నాడన్న సంగతి మీకు తెలిసినా సరే, దాన్ని బయటపెట్టకూడదు.

ఇక ఎన్నటికీ చేయకూడని పని, ఫిర్యాదును వదిలేసి మనిషి మీద పడటం. 2024 అక్టోబరులో హాస్య కళాకారుడు కునాల్ కామ్రా, సర్వీసు సెంటరు ముందు దుమ్ము పట్టి బారులు తీరిన ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్ల ఫొటో పెట్టి, వినియోగదారుల గోడు వినేవారు లేరా అని అడిగారు. కంపెనీ అధిపతి భవీష్ అగర్వాల్, అది డబ్బు తీసుకుని పెట్టిన ట్వీటని, ఆయన కామెడీ వృత్తి విఫలమైందని, అంత బాధ ఉంటే వచ్చి సాయం చేయమని, లేదంటే ఊరుకోమని రాశారు. ఆ రోజు ఆదివారం. సోమవారం మార్కెట్ తెరిచాక షేరు 8 శాతానికి పైగా పడింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేరిన పదివేలకు పైగా ఫిర్యాదుల విషయంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అదే నెలలో కంపెనీకి నోటీసు ఇచ్చింది. ఆ ఫిర్యాదులు ట్వీటుతో పుట్టలేదు, కానీ దేశమంతా ఆ స్కూటర్ల వరుస వైపు చూసేలా చేసింది మాత్రం అధిపతి రాసిన జవాబే. “సర్వీసు ఆలస్యమవుతోంది, ఈ సెంటరులో ఇన్ని బండ్లు పెండింగు ఉన్నాయి, ఫలానా తేదీకి ఇస్తాం” అని రాసి ఉంటే అది ఒక్క పూట వార్త.

మీరు మర్యాదగా ఉన్నా మీ అభిమానులు ఉండరు. ఉద్యోగులు, డీలర్లు, బంధువులు మీ మెప్పు కోసం ఆ రైతు మీద పడి, పోటీ కంపెనీ మనిషివని, ఫలానా పార్టీ వాడివని తిట్టడం మొదలుపెడతారు. వారిని ఆపవలసింది మీరే, అదీ అందరికీ కనబడేలా. 2020లో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక యువతి రతన్ టాటాను ‘ఛోటూ’ (చిన్నోడా) అని సంబోధిస్తే జనం ఆమెను తిట్టిపోశారు. ప్రతి ఒక్కరిలోనూ ఒక పసివాడు ఉంటాడని, ఆమెతో గౌరవంగా మాట్లాడమని ఆయన స్వయంగా కోరారు. ఆయన పక్షాన తిట్టినవారికే ఆయన చెప్పిన బుద్ధి అది.

కొన్నిసార్లు తప్పు ఒక మోటారులో కాక మీ నిర్ణయంలోనే ఉంటుంది. 2024 మార్చిలో జొమాటో అధిపతి దీపిందర్ గోయల్, పూర్తి శాకాహార డెలివరీ చేసేవారికి ఆకుపచ్చ దుస్తులు ఇస్తామని ప్రకటించారు. దుస్తుల రంగును బట్టి, మామూలు డెలివరీలు చేసే ఎర్ర చొక్కాల కుర్రాళ్లను అపార్ట్‌మెంట్లలోకి రానివ్వరని, అద్దెకున్నవారికి ఇంటి యజమానులతో గొడవలొస్తాయని జనం ఎత్తిచూపారు. మర్నాడే ఆయన, సేవ కొనసాగుతుందని, అందరూ ఎరుపే వేసుకుంటారని, కారణంతో సహా రాశారు. పాత పోస్టును గుట్టుగా తీసేసి ఏమీ జరగనట్టు ఉండటం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. స్క్రీన్‌షాట్లు ఎలాగూ జనం ఫోన్లలో ఉంటాయి.

ప్రాణం పోయిన సందర్భంలో, అంటే షాక్ కొట్టి గానీ బ్యాటరీ పేలి గానీ ఎవరైనా మరణించినప్పుడు, ఈ పద్ధతి వర్తించదు. ముందు మీ మనిషి ఆ ఇంటి గుమ్మం ఎక్కాలి, న్యాయవాది మీ జవాబు చదవాలి, ఆ తరువాతే ఒక్క పోస్టు. అప్పటిదాకా, ముందే అనుకున్న ప్రచార పోస్టులన్నిటినీ ఆపించండి. సంతాపం కింద డిస్కౌంట్ ప్రకటన రావడం నేను కళ్లారా చూశాను.

6. పని పూర్తయ్యాక

కొత్త మోటారు నీళ్లు పోస్తోందని రైతు చెప్పాక, మొదటి ఫిర్యాదు కిందనే ఒక్క వాక్యంలో ఆ సంగతి రాయండి. పాత పోస్టు తీసేయమని అతడిని అడగకండి, పొగుడుతూ వీడియో చేయించకండి. సీరియల్ నంబరు, లోపం, పట్టిన రోజులు ఒక నోటుపుస్తకంలో రాసుకుని సోమవారం ఫ్యాక్టరీ సమావేశంలో చదివించండి. అదే బ్యాచ్ కొన్న మిగతా రైతుల జాబితా డీలర్ల దగ్గర తీసుకుని, వారు ఫొటోలు పెట్టకముందే ఫోన్లు చేయించండి.