నల్లగొండ రేకుల షెడ్డులో ‘పారనాయిడ్’: మెటల్ పాటను హార్డ్‌కోర్‌గా మలిచే పద్ధతి

పాత హెవీ మెటల్ పాటను, పొట్టిగా, వేగంగా, అరుపులతో సాగే హార్డ్‌కోర్ పంక్‌లోకి తేవాలంటే ముందు కోత పెట్టాలి, స్పీడు సంగతి తర్వాత. సోలో, ఇంట్రో, అన్ని చరణాలూ అట్లనే ఉంచి వేగం మాత్రం పెంచితే క్యాసెట్ జోరుగా తిరిగినట్టు వినిపిస్తుంది. రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క) జోలికి మాత్రం పోవద్దు. జనం పాటను గుర్తుపట్టేది దాంతోనే.

మొదటి ప్రయత్నానికి బ్లాక్ సబాత్ వాళ్ళ ‘పారనాయిడ్’ (1970) మంచిది. మూడు నిమిషాల లోపు పాట, మామూలు ఈ ట్యూనింగ్, చరణాలన్నీ ఈ, డి, జి పవర్ కార్డుల (రెండు స్వరాల గట్టి కార్డులు) మీదే నడుస్తాయి. డికీస్ అనే పంక్ బ్యాండ్ 1979లోనే దీన్ని పరుగు పెట్టించింది. న్యూయార్క్ హార్డ్‌కోర్ నుంచి వచ్చిన బయోహజార్డ్ 1994లో సబాత్ నివాళి ఆల్బమ్ కోసం ‘ఆఫ్టర్ ఫరెవర్’ వాయించింది. రెండూ విని, ఏది ఉంచారో, ఏది వదిలేశారో రాసుకోండి.

ఇక లెక్క. అసలు పాట దాదాపు 163 బీపీఎం (నిమిషానికి బీట్లు). మీ లక్ష్యం 200. ఆ వేగంలో నాలుగు దెబ్బల బార్ 1.2 సెకన్లు, అంటే నిమిషంన్నరకు 75 బార్లు. వాటిలో ముందు రిఫ్‌కు 8, చివర్లో వేగం తగ్గి బరువుగా సాగే బ్రేక్‌డౌన్‌కు 8 పక్కన పెట్టి, మిగిలిన జాగాలో మూడు చరణాలు సర్దండి. సోలో పూర్తిగా తీసేయండి. అక్కడ నాలుగు బార్లు డ్రమ్స్, బేస్ మాత్రమే నడిస్తే చాలు.

అసలు కష్టం డ్రమ్స్ దగ్గర. డిశ్చార్జ్ బ్యాండ్ పేరు మీద వచ్చిన డి-బీట్ ఈ పాటకు బాగా అతుకుతుంది. బార్‌ను ఎనిమిదిగా లెక్కపెట్టండి: 1 మీద కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), 3 మీద స్నేర్ (చేత్తో కొట్టే చిన్న డ్రమ్), 4 మీద కిక్, 6 మీద కిక్, 7 మీద స్నేర్. 2, 5, 8 ఖాళీ. నోటితో అంటే ‘దుమ్‌-టక్‌దుమ్‌, దుమ్‌టక్’. మన దగ్గర బరాత్‌లలో, బోనాలలో తీన్‌మార్ కొట్టి కొట్టి చేయి తిరిగినవాళ్ళకు ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. తీన్‌మార్‌లో మూడు దెబ్బల ఊపు ఉంటుంది, డి-బీట్‌లో ఎనిమిది లెక్కలూ సమాన దూరంలో పడాలి. వేగం పెరిగేకొద్దీ చేయి తనకు తెలియకుండానే ఆ ఊపులోకి జారుతుంది, పాట కుంటుతుంది. మెట్రోనోమ్‌ను బీట్‌కు రెండు క్లిక్కులు వచ్చేటట్టు పెట్టి 120 దగ్గర మొదలుపెట్టండి. నాలుగు నిమిషాలు తప్పు లేకుండా నడిస్తేనే 8 పెంచండి. ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర అద్దెకు దొరికే ప్యాడ్స్ మీద దీన్ని నేర్చుకోవద్దు. కిక్ కాలితో కొట్టడం అలవాటు కాకపోతే తర్వాత అసలు డ్రమ్ సెట్ మీద కాలు వెనకబడుతుంది.

గిటార్ వాళ్ళకు: 200 దగ్గర బార్‌లోని ఎనిమిది భాగాల్లో ప్రతిదానికీ కింది దెబ్బే (పిక్‌ను పైనుంచి కిందికి) కొడితే సెకనుకు దాదాపు ఏడు దెబ్బలు. అంత వేగం కొద్దిసేపే సాధ్యం, ఆ తర్వాత ముంజేయి బిగుసుకుపోతుంది. రిఫ్‌లో కింది దెబ్బలు, చరణాల్లో కిందికీ పైకీ దెబ్బలు పెట్టుకోండి. తీగల మందం 10-46 సెట్, పిక్ మందం ఒక మిల్లీమీటర్. ఆంప్ మీద గెయిన్ (గరుకుదనం) 8 నుంచి 5కు దించండి, మిడ్ (మధ్య స్వరాలు) 6 లేదా 7, బేస్ 4. మెటల్ అలవాటులో మిడ్ తీసేసి గెయిన్ పెంచితే ఈ వేగంలో కార్డు ఎప్పుడు మారిందో వినపడదు, అంతా ఒకే రొద.

షెడ్డు విషయానికొస్తే, రేకులు ఆ రొదను ఇంకా పెంచుతాయి. గోడలకు నాలుగు వేళ్ళ దూరంలో బొంతలు, గోనె సంచులు వేలాడదీస్తే గింగురుమనడం తగ్గుతుంది. పక్కింటికి పోయే చప్పుడు మాత్రం తగ్గదు. మిర్యాలగూడ వైపు మిల్లు గోదాములో చోటు దొరికితే వడ్ల బస్తాలు పేర్చిన మూలకు ఆంప్ ముఖం పెట్టండి, వాటిని మించిన మెత్త లేదు. వాయించే ముందు ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మూడో పిన్ ఉత్తదే అయితే గిటార్ తీగలు పట్టుకుని మైక్‌కు పెదవి ఆనించినవాడికి షాక్ కొడుతుంది. ఎండాకాలం గిటార్‌ను బ్యాగు తీసి ఇరవై నిమిషాలు ఉంచాకే ట్యూన్ చేయండి. వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది.

గొంతు. ఈ పాటకు కోరస్ లేదు, ‘పారనాయిడ్’ అన్న మాట సాహిత్యంలో ఎక్కడా రాదు. మరి అందరూ కలిసి అరిచేది ఎక్కడ? ప్రతి చరణం చివరి మాటను ఒగ్గుకథలో వంత అందుకున్నట్టు నలుగురు అందుకోవాలి, మైక్‌కు మీటరు దూరంలో నిలబడి. ముఖ్య గాయకుడు రాగం వదిలేసి, మాటల లయ మాత్రం పట్టుకోవాలి. ఊపిరి పొట్టలోంచి రావాలి. రిహార్సల్ అయ్యాక గొంతు బొంగురుపోయిందంటే ఊపిరితో కాక కంఠంతో అరిచినట్టు. తెలుగు మాటలు పెట్టుకుంటే ‘చాల్’ లాంటి, హల్లుతో తెగే పొట్టి మాటలు చివర్లో వేయండి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అరిచేటప్పుడు సాగిపోయి తర్వాతి దెబ్బను మింగేస్తాయి. అయితే రికార్డు చేసి అమ్మే ఆలోచన ఉంటే మాటలు మార్చడానికి హక్కుదారుల అనుమతి కావాలి. కాపీరైట్ చట్టం 31సి సెక్షన్‌లోని కవర్ లైసెన్స్ పాటను మార్చడానికి పనికిరాదు.

బ్రేక్‌డౌన్‌లో స్నేర్‌ను బార్‌కు ఒక్కసారే, మూడో బీట్ మీద వేయండి. మళ్ళీ వేగంలోకి వచ్చేటప్పుడు హై-హ్యాట్ (జంట పళ్ళేలు) మీద నాలుగు గట్టి దెబ్బలు ఉండాలి, లేకపోతే నలుగురూ నాలుగు వేగాల్లో వస్తారు.

స్టేజీ మీద మైక్ సెట్ అన్న డీజే అలవాటుతో బాక్సుల్లో బేస్ నింపుతాడు. పాట మొదలుకాకముందే అడగండి: “అన్నా, గిటార్‌కు, గొంతుకు 100 హెర్ట్జ్ కింద కోసెయ్, కిక్ ఒక్కటే సబ్ బాక్సులకు పంపు.” మైక్ తలను గుప్పిట్లో మూయొద్దు, కూత పెడుతుంది.