రోడ్డు సైకిల్ పాఠాలు – 3: భీమిలి దారిలో గాలి లెక్క

పోయిన పాఠంలో టైరు లోపలి గాలి గురించి చెప్పుకున్నాం. ఈసారి బయటి గాలి.

విశాఖ ఆర్‌కే బీచ్ నుంచి భీమిలికి సముద్రాన్ని ఆనుకుని దాదాపు 30 కిలోమీటర్ల రోడ్డు. తెన్నేటి పార్కు దగ్గరా రుషికొండ దగ్గరా కొంచెం ఎత్తుపల్లాలున్నాయి. మిగతాదంతా ఇంచుమించు చదునే. కొత్తగా సైకిల్ కొన్నవాళ్లు మ్యాపు చూసి ‘ఇదేం పెద్ద పని’ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మే నెలలో ఒక ఆదివారం లేటుగా లేచి ఏడున్నరకు బయల్దేరాను. గంటా ఐదు నిమిషాల్లో భీమిలిలో ఉన్నాను. కాళ్లలో నొప్పి లేదు, ఆయాసం లేదు. నాలో ఇంత సత్తా ఉందా అని నాకే ముచ్చటేసింది. టిఫిన్ తిని, నాలుగు ఫొటోలు దిగి తొమ్మిదింటికి వెనక్కి తిరిగాను. ఎర్రమట్టి దిబ్బలు దాటేసరికి మీటరు గంటకు 14 కిలోమీటర్ల వేగం చూపిస్తోంది. మంగమారిపేట దగ్గర దిగిపోయి రోడ్డు పక్కన కూలబడ్డాను. అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన కాసేపు చూసి అన్నాడు: “ఏటి బాబూ, వచ్చినప్పుడు గాలి తోసింది. నువ్వే తొక్కినావనుకున్నావేటి?”

ఈ పాఠమంతా ఆ ఒక్క ముక్కే. మిగిలింది లెక్కలూ సాధనా.

ముందు దిక్కులు చూడండి. మన తీరం నిటారుగా ఉత్తర దక్షిణాలుగా ఉండదు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. విశాఖ నుంచి భీమిలికి వెళ్లడమంటే ఈశాన్యానికి వెళ్లడం. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. అంటే వెళ్లేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోస్తుంది, వచ్చేటప్పుడు గుండె మీద చెయ్యేసి ఆపుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా గాలి ఈశాన్యానికి మళ్లుతుంది కాబట్టి కష్టం ముందు, సుఖం తర్వాత. నేర్చుకునేవాళ్లకు అదే మంచి కాలం. ఇవి కాక రోజువారీ గాలి ఒకటుంది. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది కనుక నేల మీది నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. ఎండెక్కి నేల కాగాక అదే తిరగబడి సముద్రం మీది నుంచి బలంగా వస్తుంది. మే నెలలో భీమిలి వెళ్లాలంటే అయిదింటికే బయల్దేరి, ఏడింటికల్లా వెనక్కి తిరిగి ఉండాలి.

ఇది నేను కనిపెట్టింది కాదు. భీమిలి ఊరే గాలి లెక్క మీద బతికింది. పదిహేడో శతాబ్దంలో ఒలందావాళ్లు (డచ్చివాళ్లు) ఇక్కడ స్థావరం పెట్టుకున్న రోజుల్లో తెరచాప ఓడలు రావాలన్నా పోవాలన్నా రుతుపవనాలు చూసుకునే కదలాలి. ఈశాన్య గాలులు, తుపానుల కాలంలో ఈ తీరాన లంగరు వేయడానికి జంకేవాళ్లు. ఒలందావాళ్ల సమాధులు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి, తీరిక ఉంటే చూడండి.

గాలి అంతలా ఎందుకు ఆపుతుంది? ఒంటికి తగిలే గాలి వేగం రెట్టింపైతే అది వెనక్కి నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. మీరు 25 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నారు, గాలి లేదు అనుకోండి. మీకు తగిలేది 25. ఇప్పుడు ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి మొదలైంది. 15 పెద్ద గాలేం కాదు, గొడుగు కూడా తిరగబడదు. కానీ మీకు తగిలేది 40 అయింది, నెట్టే బలం రెండున్నర రెట్లయింది. అదే 25 పట్టుకుని వేలాడితే అయిదు కిలోమీటర్లలో కాళ్లు చచ్చుబడతాయి. అందుకే ఎదురుగాలిలో వేగాన్ని వదిలెయ్యాలి. వదలకూడనిది ఒక్కటే, కాలు తిరిగే లయ.

ఆ లయనే కేడెన్స్ అంటారు. నిమిషానికి పెడల్ ఎన్ని చుట్లు తిరుగుతోందన్నమాట. దీనికి పరికరం అక్కర్లేదు. కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా ఒకటి చొప్పున 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 20 వస్తే 80. కొత్తవాళ్లకు సాధారణంగా 14, 15 మించి రావు. గేరు బరువుగా పెట్టుకుని గానుగెద్దులా తొక్కడమే బలమనుకోవడం వల్ల వచ్చిన తిప్పలు అవి.

సాగర్ నగర్ దాటాక రోడ్డు తిన్నగా ఉన్నచోట ఈ పరీక్ష చెయ్యండి. చాలా రోడ్ బైకులకు ముందు రెండు పళ్ల చక్రాలుంటాయి, పెద్దదానికి 50 పళ్లు, చిన్నదానికి 34. వెనక 17 పళ్ల చక్రం మీద చైను ఉంచి, ముందు పెద్దదాని మీద తొక్కండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి చక్రం దాదాపు మూడు చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే బండి ఆరు మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే 22 కిలోమీటర్ల వేగం. ఇప్పుడు ముందు చిన్న చక్రానికి మారండి. ఒక చుట్టుకు చక్రం సరిగ్గా రెండు చుట్లు, 4.2 మీటర్లు. అదే 22 రావాలంటే 88 చుట్లు తొక్కాలి. రెండింట్లోనూ వేగం ఒకటే. మొదటిదాంట్లో తొడలు మండుతాయి, రెండోదాంట్లో ఊపిరి కొంచెం వేగమవుతుంది. ఊపిరి రెండు నిమిషాల్లో కుదురుకుంటుంది. మండిన తొడ ఆ పూటకి కుదురుకోదు. ఎదురుగాలిలో రెండోదే మీ దారి. లెక్క 80కి తగ్గుతుంటే గేరు దించండి, సిగ్గుపడకండి. వేగం 16కి పడిపోయినా ఫరవాలేదు.

మీటరు చూడకుండా ఉండలేనివాళ్లు నేను చేసిన పనే చెయ్యండి. దాని మీద ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల టేపు ముక్క అంటించాను. పక్కవాడితో ఒక వాక్యం తెగకుండా మాట్లాడగలుగుతున్నారా? అయితే శ్రమ సరిపోయింది. రెండు మాటలకే ఆగిపోతుంటే ఎక్కువైంది.

ఎదురుగాలిని పట్టుకోవడం తేలిక, చెవుల్లో హోరుమంటుంది. హోరు రెండు చెవుల్లోనూ సమానంగా ఉంటే గాలి తిన్నగా ముందునుంచి వస్తున్నట్టు. మోసం చేసేది వెనకగాలి. 28లో పోతున్నా చెవుల్లో చప్పుడు లేదు, మామూలుకంటే ఉక్కగా ఉంది, చెమట ఆరడం లేదు అంటే ఆ 28 మీది కాదు. బయల్దేరాక దారిలో జోడుగుళ్లపాలెం దగ్గర పడవల మీది జెండాలు ఎటు ఎగురుతున్నాయో ఒకసారి చూడండి. భీమిలి వైపు ఎగురుతుంటే, వెళ్లేటప్పుడు మీ బలంలో మూడో వంతుకు మించి ఖర్చు పెట్టకండి. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న సామెత రైతుకు సరే, తిరిగి ఇల్లు చేరాల్సిన సైక్లిస్టుకు పనికిరాదు.

ఒంటిని చిన్నది చేసుకోవడం ఇంకో పని. హ్యాండిల్ కింది వంపు పట్టుకుని, మోచేతులు వంచి, గడ్డం కొంచెం దించండి. మోచేతులు బిగబట్టి వంగితే లాభం లేదు, మెడ పట్టేస్తుంది. మొదట్లో రెండేసి నిమిషాలు చాలు.

పక్కగాలి సంగతి జాగ్రత్త. కొండ చాటు నుంచి బయటపడగానే సముద్రం వైపు నుంచి ఒక్కసారిగా కొడుతుంది. అప్పుడు హ్యాండిల్ గట్టిగా పట్టుకోవడం సహజంగా చేసే తప్పు. పట్టు వదులుగా ఉంచండి, బండి జానెడు పక్కకు జరిగి తనే సర్దుకుంటుంది. ఆ జానెడు చోటు మీకు ఉండాలి కనుక రోడ్డు అంచు మీద తొక్కవద్దు. అంచున ఇసుక కూడా ఉంటుంది. గాలి తెచ్చి పోసిన పలుచటి ఇసుక మలుపులో బ్రేకు వేస్తే పడేస్తుంది. ఆ మాటకొస్తే ఎర్రమట్టి దిబ్బలే గాలి పని. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో బయటపడ్డ ఇసుకను వేల ఏళ్లపాటు గాలి ఎత్తుకొచ్చి పోసిన గుట్టలవి, ఇనుము తుప్పు రంగు పట్టి ఎర్రబడ్డాయి. చూడండి గానీ సైకిల్ మాత్రం పైకి ఎక్కించకండి. చక్రం గాడి పడితే వాన అక్కడే కోసేస్తుంది.

ఈ వారం పని: మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు, గాలికి ఎదురుగా మొదలుపెట్టి వెనకగాలితో తిరిగి రండి. పది నిమిషాలకోసారి మోకాలు లెక్క పెట్టి నోటు పుస్తకంలో రాసుకోండి. పక్కన గాలి ఎటునుంచో, గేరు ఏదో కూడా రాయండి. నాలుగో రోజు భీమిలి. ఇంటికొచ్చాక చైనును మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వెయ్యండి. ఉప్పుగాలికి రెండు రోజుల్లోనే తుప్పు మొదలవుతుంది. నోటు పుస్తకం దాచుకోండి, వచ్చే పాఠంలో తొట్లకొండ ఎక్కేటప్పుడు ఆ అంకెలే కావాలి.