మసాయి మారా సఫారీకి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

జులై నుంచి అక్టోబరు దాకా కెన్యాలోని మసాయి మారాకు సీజన్. టాంజానియాలోని సెరెంగేటి మైదానాల నుంచి పది లక్షలకు పైగా గ్నూలు (వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింక జాతి జంతువులు), వాటితోపాటు లక్షల్లో జీబ్రాలు గడ్డి కోసం ఉత్తరానికి కదిలి, మొసళ్లున్న మారా నదిని ఈదుకుంటూ దాటేది ఈ నెలల్లోనే. ఈమధ్య హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి మనవాళ్లు కూడా బాగానే వెళ్తున్నారు. టికెట్లు బుక్ చేసుకోగానే ఇంట్లో అందరూ అడిగే మాట ఒకటే: సింహాలు మీదికి రావా? జీపులో బుద్ధిగా కూర్చుంటే రావు. దోమ, గుంతల రోడ్డు, ముందుగా చెప్పకుండా దాచిన నడుం నొప్పి, ‘ఇంకాస్త దగ్గరికి పోనివ్వు’ అన్న తొందర, వీటికి భయపడాలి.

మొదటి పని ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఈ సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపేసి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. కెన్యా నుంచి టాంజానియాలోకి వెళ్లాలనుకుంటే అక్కడా అడుగుతారు. టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో మాత్రమే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. సర్టిఫికెట్ చెల్లుబాటు అయ్యేది టీకా వేసిన పది రోజుల తర్వాతే కాబట్టి ప్రయాణం వారం ముందు పరుగెత్తితే లాభం లేదు. కనీసం నెల ముందే పని పూర్తి చేసుకోండి. 2016 జులై నుంచి ఈ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, పాతది ఉంటే మళ్లీ అక్కర్లేదు. కార్డు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. తొమ్మిది నెలల లోపు పిల్లలకు మామూలుగా ఈ టీకా వేయరు. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. అమ్మానాన్నలను తీసుకెళ్దామనుకునేవాళ్లు టికెట్లు కొనకముందే ఈ సంగతి తేల్చుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా స్థానంలో ఈటీఏ అనే ఆన్‌లైన్ ముందస్తు ప్రయాణ అనుమతి వచ్చింది. ప్రభుత్వ సైటులోనే దరఖాస్తు చేయండి. అచ్చం అలాగే కనిపించే దళారీ సైట్లు ఎక్కువ డబ్బు లాగుతాయి. కెన్యా, ఉగాండా, రువాండాలకు కలిపి ఒకే వీసా ఉంది గానీ అందులో టాంజానియా లేదు. మారా చూసి అటునుంచి అటే సెరెంగేటి వెళ్దామనుకుంటే టాంజానియా వీసా విడిగా తీసుకోవాల్సిందే.

ప్యాకేజీ మాట్లాడేటప్పుడు పార్కు ప్రవేశ రుసుము కలిపారా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి. మసాయి మారాలో విదేశీ పెద్దవాళ్లకు 2024 నుంచి జులై–డిసెంబరు నెలల్లో రోజుకు 200 డాలర్లు, మిగతా ఆరు నెలలు 100 డాలర్లు వసూలు చేస్తున్నారు. ఆ టికెట్ కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. నలుగురు మూడు రోజులు తిరిగితే ఎంతవుతుందో లెక్కేయండి. ‘చవక ప్యాకేజీ’ అసలు ధర అక్కడ బయటపడుతుంది. ఇంకా అడగాల్సినవి: వాహనం ఫోర్‌వీల్ డ్రైవేనా, అందరికీ కిటికీ సీటు వస్తుందా, స్టెప్నీలు రెండున్నాయా, వైర్‌లెస్ రేడియో పనిచేస్తుందా. గైడుకు కేపీఎస్‌జీఏ సర్టిఫికెట్ ఉందో లేదో తప్పక కనుక్కోండి. అది కెన్యా సఫారీ గైడ్ల సంఘం, పరీక్ష పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ స్థాయిలు ఇస్తుంది. హోటల్ గది కాస్త చిన్నదైనా పర్వాలేదు, గైడు విషయంలో మాత్రం రాజీ పడొద్దు.

మలేరియా గురించి మనవాళ్లు చాలా తేలిగ్గా మాట్లాడతారు. ‘మా ఊళ్లో చూడని మలేరియానా’ అంటారు. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపేరమ్ రకం. చికిత్స ఆలస్యమైతే రోజుల్లోనే మెదడు, కిడ్నీల దాకా పోతుంది. చిన్నప్పుడు ఒకసారి వచ్చి తగ్గిందంటే ఇప్పుడు రక్షణ ఉన్నట్టు కాదు. ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్రలు రకరకాలున్నాయి. అటోవాక్వోన్–ప్రోగువానిల్ అయితే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఏడు రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి, పైగా ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. మెఫ్లోక్విన్‌ను రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, మానసిక సమస్యలున్నవాళ్లకు అది పనికిరాదు. మీకు ఏది సరిపడుతుందో డాక్టరే చెప్పాలి, ముందు వెళ్లొచ్చిన స్నేహితుడు కాదు. ఇంటికి రాగానే ‘ఇంక దేనికిలే’ అని మాత్రలు ఆపేసేవాళ్లు చాలామంది. పరాన్నజీవి కాలేయంలో దాగి ఉండి తర్వాత రక్తంలోకి వస్తుంది కాబట్టే ఆ చివరి మాత్రలు అంత అవసరం. మాత్రలతోపాటు డీట్ (దోమల్ని తరిమే మందు) ఉన్న క్రీము, సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, టెంటులో దోమతెర కూడా ఉండాలి.

బట్టల విషయానికొస్తే, ఆఫ్రికా అనగానే మండే ఎండ అనుకుని పల్చటివే సర్దుతారు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉంది. జులై, ఆగస్టుల్లో పొద్దున్న ఆరింటికి పైకప్పు ఎత్తిన జీపులో గాలి కొడుతుంటే పళ్లు కటకటలాడతాయి. పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. కాబట్టి ఒకదానిమీద ఒకటి వేసుకుని విప్పుకునేలా సర్దండి: బనియను, కాటన్ చొక్కా, స్వెటర్, గాలి ఆపే జాకెట్. టాంజానియాలోని ఎన్‌గోరోంగోరో అనే పాత అగ్నిపర్వత బిలం అంచు మీద బస ఉంటే ఇంకా చలి, అది 2,300 మీటర్ల ఎత్తు. రంగుల్లో ఖాకీ, గోధుమ, ఆకుపచ్చ మేలు. ముదురు నీలం, నలుపు వద్దు. త్సెత్సె ఈగలను పట్టే ఉచ్చులను ఆ రెండు రంగుల గుడ్డలతోనే చేస్తారు, ఆ రంగులంటే వాటికి అంత ఆకర్షణ. టాంజానియాలోని తరంగిరే, సెరెంగేటి పార్కుల్లో చెట్లు దట్టంగా ఉన్నచోట అవి కదిలే జీపు వెంటపడి, జీన్స్ మీద నుంచి కూడా సూదిలా కుడతాయి. వీటి కాటుతో వచ్చే నిద్ర జబ్బు పర్యాటకులకు రావడం అరుదే గానీ కుట్టినచోట నొప్పి, వాపు తప్పవు. మిలటరీ డిజైన్ బట్టలు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. కొన్ని ఆఫ్రికా దేశాల్లో మామూలు జనం అవి వేసుకోవడం నేరం.

నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి చిన్న విమానంలో మారాకు వెళ్తే చేతి సంచీతో కలిపి సామాను పదిహేను కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే. గట్టి సూట్‌కేసు ఆ విమానం పొట్టలో పట్టదు. ఇక మనవాళ్ల ఆవకాయ, పొడుల సంగతి. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం, టాంజానియాలో 2019 జూన్ నుంచి. పచ్చడి సీసాకు నాలుగు ప్లాస్టిక్ కవర్లు చుట్టే అలవాటు అక్కడ పనికిరాదు. స్టీలు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, గుడ్డ సంచిలో కట్టండి. కెన్యా పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ల బాటిళ్లను 2020 జూన్ నుంచి రానివ్వడం లేదు, తలా ఒక స్టీలు బాటిల్ పెట్టుకోండి. తిండి గురించి మరీ దిగులు పడనక్కర్లేదు. చపాతీ, సమోసా కెన్యావాళ్ల రోజువారీ తిండే. శాకాహారులమని బుకింగ్‌లోనే చెప్పి, సఫారీలో ఇచ్చే లంచ్ బాక్సుకు కూడా అది వర్తించాలని నొక్కి చెప్పండి.

ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, మన ఛార్జర్లు పట్టవు, అడాప్టర్ కావాలి. డ్రోన్ తీసుకెళ్లొద్దు. అనుమతి లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.

నైరోబీ నుంచి రోడ్డు మీద వెళ్లేవాళ్లు నారోక్ మీదుగా ఐదారు గంటలు కూర్చోవాలి. రిఫ్ట్ లోయలోకి దిగే మాయ్ మహియూ ఘాట్ రోడ్డులో లారీలు ఎక్కువ, ఓవర్‌టేకింగ్ ఎక్కువ. పగటిపూటే ప్రయాణం అయ్యేలా చూడండి, సీటు బెల్టు పెట్టుకోండి. వేగం ఎక్కువనిపిస్తే ‘పోలె పోలె’ అనండి, అంటే నెమ్మదిగా అని. పార్కులో దారులు ఒళ్లు హూనం చేస్తాయి. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ కుదుపుల గురించి డాక్టరుకు వివరంగా చెప్పి అనుమతి తీసుకోవాలి. పెద్దవాళ్లను మధ్య వరుసలో కూర్చోబెట్టండి, వెనక చక్రాల మీది సీట్లో ఎత్తేసినట్టుంటుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని చల్లగా ఉంచే పౌచ్‌లో పెట్టుకుని దగ్గరే ఉంచుకోవాలి, డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు. బాత్రూమ్ దొరకదేమోనని మన ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి, మర్నాటికి మూత్రంలో మంట. గైడును మొహమాటం లేకుండా అడగండి. అతను చుట్టూ చూసి, సురక్షితమైన చోట ఆపి, జీపు వెనక్కి వెళ్లమంటాడు. రోజూ చేసే పనే అది, అతనికి కొత్తేమీ కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. సింహాలకు జీపు, అందులోని మనుషులు కలిసి ఒకే పెద్ద ఆకారంగా కనిపిస్తాయని గైడ్లు చెబుతారు. చెయ్యి బయటపెట్టినా, కిటికీ మీదకెక్కి కూర్చున్నా ఆ ఆకారం చెదురుతుంది. పైకప్పు తెరిచి నిలబడటానికి ఫర్వాలేదు, అదీ బండి ఆగినప్పుడే, రాడ్ పట్టుకుని. బండి కదులుతుంటే కూర్చోండి. ఒక్క గుంత చాలు గడ్డం పగలడానికి. ఏనుగు చెవులు విప్పి, తల ఎత్తి ఇటు తిరిగిందంటే కేకలు, ఈలలు వద్దు. గైడు బండి వెనక్కి తీస్తాడు, తీయనివ్వండి.

గైడు ఎంత మంచివాడైనా మన ఒత్తిడికి లొంగే అవకాశం ఉంది, ఎందుకంటే అతని సంపాదనలో టిప్పుది పెద్ద వాటా. ‘అందరూ వెళ్తున్నారుగా, మనమూ పోదాం’, ‘దగ్గరికి తీసుకెళ్తే ఇంకో ఇరవై డాలర్లు’ అన్న మాటలు మన నోటి నుంచి రాకూడదు. మారాలో సింహం, చిరుత, చీతా లాంటి పెద్ద పిల్లి జాతి జంతువుల దగ్గర ఒకసారి ఐదు వాహనాలకు మించి ఉండకూడదని నియమం. సీజన్‌లో దాన్ని ఎలా తుంగలో తొక్కుతారో వెళ్లినవాళ్లందరూ చూసే ఉంటారు. నష్టం చీతాలకు ఎక్కువ. అవి పగలే వేటాడతాయి, చుట్టూ జీపులు మూగితే వేట చెడుతుంది, పిల్లలు ఆకలితో ఉంటాయి. మారాలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పర్యాటకులు తక్కువగా ఉన్నచోట ఒక్కో ఈతలో సగటున రెండుకు పైగా పిల్లలు బతికి పెద్దవైతే, వాహనాలు మూగేచోట ఆ సగటు ఒకటికి కూడా చేరలేదు. 2025 జులైలో సెరెంగేటిలో పర్యాటకులు జీపులు దిగి నది ఒడ్డున గుంపుగా నిలబడి, దాటబోతున్న గ్నూలకు అడ్డుపడిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. బెదిరిన మంద వెనక్కి మళ్లి తొక్కిసలాట జరిగితే జంతువులతోపాటు మనుషులూ పోతారు. నది దగ్గర మీ గైడు దూరంగా ఆపి ‘ఆగుదాం’ అన్నాడంటే అతను పని తెలిసినవాడు. రెండు గంటలు ఆగినా గ్నూలు దాటకపోవచ్చు. బైనాక్యులర్స్ ఉంటే ఆ రెండు గంటలూ చూడ్డానికి ఎంతో ఉంటుంది. రోజు చివర ‘దూరం పాటించినందుకు థ్యాంక్స్’ అని చెప్పి టిప్పు ఇవ్వండి, మర్నాడు వచ్చేవాళ్లకు కూడా అదే మేలు చేస్తుంది.

తిండి బయటికి తీసేటప్పుడు జాగ్రత్త. ఎన్‌గోరోంగోరో లోపల ఎన్‌గోయిటోకిటోక్ అనే చెరువు పక్కన అందరూ లంచ్‌కి ఆగుతారు. పైన గద్దలు తిరుగుతుంటాయి. చేతిలో చికెన్ ముక్కో, శాండ్‌విచ్చో నోటి దాకా వెళ్లేలోపు రెక్క చెంపకు తగిలినట్టవుతుంది, చూస్తే చేయి ఖాళీ, వేలికి గోరు గీత. జీపులో కూర్చునే తినండి, పిల్లల చేతికి బయట బిస్కట్ కూడా ఇవ్వొద్దు. కోతుల సంగతి మనకు తిరుమల కొండ మీద తెలిసిందే, అక్కడి బబూన్‌లు ఇంకా పెద్దవి, కోరలు భయంకరం. టెంటులో తినే వస్తువేదీ ఉంచకండి, జిప్పును చివరిదాకా లాగండి.

కంచె లేని క్యాంపుల్లో చీకటి పడ్డాక ఒంటరిగా అడుగు బయటపెట్టొద్దు. అక్కడ అస్కారీ అని కాపలా మనిషి ఉంటాడు, భోజనానికి తీసుకెళ్లి మళ్లీ టెంటు దాకా దిగబెడతాడు. మారా, తాలెక్ నదుల పక్క క్యాంపుల్లోకి రాత్రిపూట నీటి ఏనుగులు గడ్డికి వస్తాయి. చూడ్డానికి మొద్దుగా ఉన్నా మనిషి కన్నా వేగంగా పరుగెడతాయి, నీళ్లకీ వాటికీ మధ్య ఎవరున్నా ఊరుకోవు. ఫొటో కోసం టెంటు దగ్గర టార్చి వేసుకుని తిరగడం లాంటివి వద్దే వద్దు. పొద్దున్న బూట్లు దులిపి వేసుకోండి, తేళ్లుంటాయి. విక్టోరియా సరస్సుకు కూడా వెళ్తే ఈతకు దిగకండి, బిల్హార్జియా పురుగు చర్మంలోంచే లోపలికి పోతుంది.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇస్తారా, బెలూన్ రైడ్ కవర్ అవుతుందా అన్నది పాలసీ పత్రంలో చదవండి. మారాలో పెద్దాసుపత్రి లేదు. పరిస్థితి విషమిస్తే విమానంలో నైరోబీ తీసుకెళ్లాల్సిందే. విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి పనిచేసే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ ఈ సేవ చేస్తుంది. మీ క్యాంపుకు వాళ్లతో ఏర్పాటు ఉందేమో ముందే అడగండి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే, వారానికైనా, నెల తర్వాతైనా, వైరల్ అని పారాసిటమాల్ వేసుకుని కూర్చోకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి ‘ఆఫ్రికా వెళ్లొచ్చాను’ అని మొదటి మాటగా చెప్పి మలేరియా రక్తపరీక్ష చేయించండి. నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయమని అడగండి.