పోటీ పరుగు – 6వ పాఠం: ఆరు వందల మీటర్లు మిగిలినప్పుడు

ఐదు వేల మీటర్లను ఒకే పేస్‌లో, రౌండుకీ రౌండుకీ రెండు సెకన్లకు మించి తేడా లేకుండా పరుగెత్తడం గత పాఠంలో సాధన చేశాం. మంచి టైమింగ్ కావాలంటే ఆ విద్య చాలు. సీజన్ చివర్లో వచ్చే చాంపియన్‌షిప్‌కి మాత్రం అది సరిపోదు. అక్కడ మెడల్ టైమింగ్‌కి ఇవ్వరు, ఎన్నో స్థానంలో వచ్చామన్నదే చూస్తారు. అందుకే రౌండుకి 80 సెకన్ల పేస్ బాగా అలవాటైన కుర్రాడు ఫైనల్లో మొదటి మూడు రౌండ్లు 88లో పోతుంటే కంగారు పడతాడు. ఆ టెన్షన్‌లో గుంపు మధ్యలోకి దూరి ఇరుక్కుపోతాడు. ఇరుక్కోకుండా ఉండటం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఉదాహరణకి అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నడిపే అవుట్‌డోర్ చాంపియన్‌షిప్‌ని తీసుకుంటున్నాను. కాలేజీ పిల్లలు దూరపు పరుగును అంత పట్టుదలగా, అంత తెలివిగా పరుగెత్తే పోటీ నేను ఇంకోటి చూడలేదు. దేశాన్ని ఈస్ట్, వెస్ట్ అని రెండు భాగాలు చేస్తారు. ఒక్కో ఈవెంట్‌లో ఒక్కో భాగం నుంచి 48 మంది పరుగెత్తితే 12 మంది ముందుకెళ్తారు. ఐదు వేలకైనా పది వేలకైనా ఫైనల్ ఒక్కటే, అందులో 24 మందికి చోటు. మొదటి ఎనిమిది మందికి 10, 8, 6, 5, 4, 3, 2, 1 చొప్పున పాయింట్లు వస్తాయి, అవి కాలేజీ జట్టు ఖాతాలోకి వెళ్తాయి. కాబట్టి తొమ్మిదో స్థానానికీ ఇరవై నాలుగో స్థానానికీ జట్టు లెక్కలో తేడా లేదు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య మాత్రం చాలా తేడా ఉంది.

2024 జూన్‌లో ఒరెగాన్ రాష్ట్రం యూజీన్‌లోని హేవార్డ్ ఫీల్డ్‌లో పురుషుల ఐదు వేల మీటర్లు జరిగింది. నార్త్ కరోలినా యూనివర్సిటీ కుర్రాడు పార్కర్ వుల్ఫ్ గెలిచాడు. టైమింగ్ 13:54.43. మూడు వారాలు తిరిగేసరికి అదే ట్రాక్ మీద ఒలింపిక్స్‌కి అమెరికా జట్టును ఎంపిక చేసే ట్రయల్స్‌లో అతనే 13:10.75 పరుగెత్తి మూడో స్థానంలో వచ్చాడు. దాదాపు 44 సెకన్ల తేడా. అంటే చాంపియన్‌షిప్‌లో సగటున రౌండుకి 66.8 సెకన్లు, ట్రయల్స్‌లో 63.3. మూడు వారాల్లో ఒంట్లో అంత సత్తువ కొత్తగా పుట్టుకురాదు. మొదటి పోటీలో ఎవరూ వేగం పెంచలేదు, అంతే. ముందున్నవాడు గాలికి ఎదురొడ్డాలి, వెనకున్నవాళ్ళు ఆ నీడలో హాయిగా వస్తారు. అందరూ కాస్త అటూ ఇటూగా సమానమైనప్పుడు ఆ బరువు ఎత్తుకోవడానికి ఎవరు ముందుకొస్తారు?

మర్నాడే మహిళల ఐదు వేలలో కథ మారింది. ఫ్లోరిడా యూనివర్సిటీ అమ్మాయి పార్కర్ వాల్బీ వేగం తన చేతిలోకి తీసుకుని 14:52.18లో ముగించింది. అది చాంపియన్‌షిప్ రికార్డు. సగటున రౌండుకి 71.4 సెకన్లు. మిగతావాళ్ళ కంటే మీరు అంత పైన ఉంటే, ఎవరి వెనకా నక్కకండి, ఆ అమ్మాయి దారిలోనే వెళ్ళండి. అలా ఉండేది ఏ ఏడాదైనా ఒక్కరో ఇద్దరో. ఈ పాఠం తక్కిన ఇరవై రెండు మంది కోసం.

ముందు ట్రాక్‌ని మనసులో గీసుకోండి. ఐదు వేలు అంటే పన్నెండున్నర రౌండ్లు. అందుకే స్టార్ట్ ఫినిష్ లైన్ దగ్గర ఉండదు, మైదానానికి అవతలి వైపు రెండో కర్వ్ మొదట్లో ఉంటుంది. సరిగ్గా పదకొండు రౌండ్లయ్యాక, అంటే 4400 మీటర్లయ్యాక, మీరు మళ్ళీ ఆ గీత మీదికే వస్తారు. అప్పటికి మిగిలింది 600. తుపాకీ పేలినప్పుడు ఎక్కడ నిలబడ్డారో అక్కడికే వచ్చారన్నమాట. అంకెలు మర్చిపోయినా ఆ గీత కనిపిస్తుంది. అది కనిపించేసరికి మీరు ముందు నుంచి మూడు నుంచి ఐదు స్థానాల మధ్య, ముందున్నవాడి కుడి భుజం పక్కన ఉండాలి. మీకు కుడివైపు ఎవరూ ఉండకూడదు. ఈ పాఠానికి ప్రాణం ఇదే.

"కుడి భుజం పక్కన పరుగెడితే దూరం పెరగదా సార్?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. పెరుగుతుంది. ఒక మీటరు బయటగా పరుగెడితే రౌండుకి 6.28 మీటర్లు అదనం. ఐదు వేలు 17 నిమిషాల్లో పరుగెత్తేవాడు మొత్తం అలాగే పోతే దాదాపు 16 సెకన్లు పోగొట్టుకుంటాడు. కాబట్టి మొదటి తొమ్మిది రౌండ్లు లోపలి గీతకి దగ్గరగానే ఉండండి. పదో రౌండులో నెమ్మదిగా బయటికి జరగండి. అక్కడి నుంచి పోయేది మూడు నాలుగు సెకన్లు. దారి మూసుకుపోతే పోయేది అంతకంటే ఎక్కువ.

ఎంత పోతుందో నాకు అనుభవమే. డిగ్రీ రెండో ఏడాది అంతర్ కళాశాలల పోటీలో ఆఖరి రౌండు బెల్ మోగేసరికి నేను నాలుగో స్థానంలో, లోపలి గీతను అంటుకుని ఉన్నాను. కాళ్ళలో ఇంకా బలం ఉంది. ఎదురుగా ఒకడు, కుడిపక్క ఒకడు, వెనక ఇంకొకడు. బయటికి రావాలంటే వేగం తగ్గించి, అందరినీ పోనిచ్చి, చుట్టూ తిరిగి రావాలి. వెనకవాడి స్పైక్స్ (బూట్ల కింది మేకులు) నా మడమకి రెండుసార్లు తగిలాయి. చివరి స్ట్రెయిట్‌లో దారి దొరికేసరికి మొదటి ముగ్గురూ పది మీటర్ల ముందున్నారు. ఆరోవాడిగా వచ్చాను. మడమ మీద ఎండిపోయిన రక్తం చారను ఆ సాయంత్రం బస్సులో చూసుకుంటూ కూర్చోవడం ఇప్పటికీ గుర్తుంది. బలం మిగిలిపోయి ఓడిపోవడం కంటే బాధ పరుగులో ఇంకోటి లేదు. దారి లేదని మోచేత్తో నెట్టకండి. అవతలివాడికి అడ్డుపడినట్టు రెఫరీకి అనిపిస్తే మిమ్మల్ని డిస్‌క్వాలిఫై చేస్తారు.

దాటడం ఎప్పుడూ స్ట్రెయిట్‌లోనే. కర్వ్‌లో ఒక మీటరు బయటగా వెళ్తే ఆ ఒక్క కర్వ్‌కే మూడు మీటర్ల పైచిలుకు అదనంగా పరుగెత్తాలి, స్ట్రెయిట్‌లో దాదాపు ఏమీ ఉండదు. మనకి పనికొచ్చే స్ట్రెయిట్‌లు రెండే. మొదటిది బెల్‌కి ముందు వచ్చే 84 మీటర్లు. అక్కడ ఒక్కసారిగా ఎగబడకుండా ఒకటో రెండో స్థానాలు పైకి జరగండి. రెండోది ఆఖరి రౌండులో అవతలి వైపు స్ట్రెయిట్. ఆఖరి కర్వ్‌లోకి మొదటి ఇద్దరిలో ఒకరిగా దిగడమే మీ లక్ష్యం. అక్కడి నుంచి మిమ్మల్ని దాటాలనుకున్నవాళ్ళు బయటి నుంచి ఎక్కువ దూరం పరుగెత్తాలి.

ఈ వారం సాధనకి ఆరుగురు కావాలి. సింథటిక్ ట్రాక్ లేకపోతే కాలేజీ గ్రౌండ్‌లో సున్నంతో గీసిన ట్రాకైనా చాలు. వరసగా ఒకరి వెనక ఒకరు, ఒక చేతి దూరంలో, తేలిక పేస్‌లో పరుగెత్తండి. స్ట్రెయిట్ రాగానే చివరివాడు బయటి నుంచి ముందుకు రావాలి, కర్వ్ మొదలయ్యేలోపు లైన్లో చేరిపోవాలి. చేరలేకపోతే మళ్ళీ వెనక్కే. ఇరవై నిమిషాలు ఇలా చేస్తే ఎప్పుడు కదలాలో కాళ్ళకే తెలిసిపోతుంది.

రెండు రోజుల తర్వాత 1000 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో మూడు నిమిషాల విరామం. 17 నిమిషాల రన్నర్ అయితే మొదటి 600ని 2 నిమిషాల 7 సెకన్లలో, గుంపుగా భుజాలు దాదాపు తగిలేంత దగ్గరగా పరుగెత్తాలి. తర్వాతి 400ని 72 సెకన్లలో. నాలుగోసారి మాత్రం మీలో ఒకరిని కావాలనే లోపల ఇరికించండి. ఇరుక్కున్నవాడు కంగారు పడకుండా ఒక్క అడుగు నెమ్మదించి, వెనక నుంచి బయటికి రావడం ప్రాక్టీస్ చేయాలి. ఆ ఒక్క అడుగు ఆగడానికి చాలా ధైర్యం కావాలి. మొదటి రెండు మూడుసార్లు రాకపోతే బాధపడకండి.

ఇంటి దగ్గర చేయాల్సిన పని ఒకటుంది. పైన చెప్పిన 2024 పురుషుల ఫైనల్ వీడియో పెట్టుకుని నోటుబుక్కులో పదమూడు వరసలు గీయండి. ఫినిష్ లైన్ దాటిన ప్రతిసారీ వుల్ఫ్ ఎన్నో స్థానంలో ఉన్నాడు, లోపల ఉన్నాడా బయట ఉన్నాడా అని రాయండి. తర్వాత అదే వీడియోలో పదో పన్నెండో స్థానంలో వచ్చిన ఒకరిని ఎంచుకుని మళ్ళీ రాయండి. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరి దారులూ ఏ రౌండులో విడిపోయాయో అక్కడ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.

వాల్బీ ఆ ఐదు వేలకి రెండు రోజుల ముందే పది వేలు పరుగెత్తి గెలిచింది, 31:46.09లో. మధ్యలో దొరికిన నలభై ఎనిమిది గంటల్లో కాళ్ళని మళ్ళీ ఎలా సిద్ధం చేసుకోవాలో ఏడో పాఠంలో చూద్దాం. దానికి వచ్చేలోపు ఎర్ర గుర్తు పెట్టిన ఆ పేజీలు పూర్తిచేయండి.