కోడిపిల్లలు డీలా పడ్డాయా? మందు కొనే ముందు గూడు చూడండి

పెరట్లో తెచ్చుకున్న కోడిపిల్లల్లో రెండు మూడు చనిపోగానే ఎవరైనా చేసే మొదటి పని మందుల షాపుకు పరిగెత్తడం. నేనూ అదే చేశాను. విజయవాడ శివారు పోరంకిలో మా ఇంటి వెనక జామచెట్టు పక్కన గూడు కట్టి, డిసెంబరులో 25 వనరాజా రకం కోడిపిల్లల్ని తెచ్చాను. మొదటి వారంలోనే ఏడు పోయాయి. మూడు సీసాల మందు కొన్నాను. జబ్బు మాత్రం పిల్లల్లో లేదు, గూట్లో ఉంది. అందుకే కింద రాసినవన్నీ కళ్ళకు కనబడే లక్షణంతో మొదలుపెట్టి, గూట్లో ఏం వెతకాలో చెప్తాను. మందు తప్పనిసరి అయిన చోట అది కూడా చెప్తాను.

పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టగా పడుకుంటున్నాయి

చలి. ఇంకో ఆలోచన అక్కర్లేదు. గుట్ట అడుగున ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి, పొద్దున చూస్తే అట్టముక్కల్లా అతుక్కుపోయి ఉంటాయి. మావి అలాగే పోయాయి. "బల్బు పెట్టాను కదా" అని నా ధీమా. పక్కింటి మామ్మగారు వచ్చి చూసి, "నాయనా, ఆ బల్బు కింద ఒకసారి చెయ్యి పెట్టి చూశావా?" అన్నారు. పెట్టాను. చల్లగా ఉంది. అది 9 వాట్ల ఎల్ఈడీ. వెలుతురు దండిగా ఇస్తుంది, వేడి మాత్రం సున్నా. కోడిపిల్లలకు కావలసింది పాత రకం గుండు బల్బు, ఫిలమెంట్ ఉండేది. ఇప్పుడు వీధి చివరి కొట్లో దొరకడం కష్టం, పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడగాలి. 25, 30 పిల్లలకు 60 వాట్లది ఒకటి చాలు. ఊక మీద నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో వేలాడదీయండి. వైరుకు వదిలేయకుండా గొలుసుతోనో తాడుతోనో కట్టండి. ఊకలో పడితే నిప్పంటుకుంటుంది.

పుస్తకాల లెక్క ప్రకారం మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ ఉంటే మంచిదే. నేను మాత్రం రాత్రి పదింటికి టార్చి వెయ్యకుండా మెల్లగా వెళ్ళి పిల్లల్నే చూస్తాను. బల్బు చుట్టూ పలచగా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. బల్బు కిందే ముద్దగా చేరితే చలి, బల్బును దించాలి. బల్బుకు దూరంగా గోడలకు అంటుకుంటే వేడి ఎక్కువ, పైకి లాగాలి. అన్నీ ఒకే మూలకు చేరితే బల్బుది తప్పు కాదు, ఎదుటి వైపు నుంచి గాలి కొడుతోంది. నేల మీద చెయ్యి పెట్టి ఆ సందు వెతికి గోనెపట్టా కట్టండి. చుట్టూ అడుగున్నర ఎత్తు అట్టతోనో రేకుతోనో గుండ్రంగా కంచె పెడితే మూలలే ఉండవు, గుట్ట పడే అవకాశమూ తగ్గుతుంది.

కరెంటు పోతే? సీసాల్లో వేడినీళ్ళు పోసి పాత గుడ్డ చుట్టి కంచె లోపల పెట్టండి, పైన సగం వరకు దుప్పటి కప్పండి. బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గూట్లో పెట్టకండి. ఆ పొగలోని విషవాయువుకు పిల్లలన్నీ ఒక్క రాత్రిలో పోతాయి.

నోరు తెరిచి, రెక్కలు విప్పి రొప్పుతున్నాయి

ఇది మన ఊళ్ళ ప్రత్యేకం. కోళ్ళ పుస్తకాలు నాలుగు వారాలు బల్బు వెయ్యమంటాయి. మే నెలలో విజయవాడలో, గుంటూరులో నీడలోనే 42, 43 డిగ్రీలు ఉంటే బల్బు ఎందుకండీ? రోహిణీ కార్తెలో పగలు బల్బు ఆపెయ్యాల్సిందే. మొదటి వారం పిల్లలైతే రాత్రి తెల్లవారుజామున కాసేపు చాలు, అదీ గుట్టగా చేరితేనే.

రెండో కారణం గూడు మొహం. గూడు పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి, జాలీ వైపులు ఉత్తరం దక్షిణం. అలా అయితే నెత్తి మీద ఎండే కానీ లోపలికి ఎండ రాదు. మాది మొదట తిరగేసి కట్టాను, గోడ కలిసొస్తుందని. మధ్యాహ్నం మూడయ్యేసరికి పడమటి ఎండ సగం గూట్లో ఉండేది. గూడు తిప్పలేని వాళ్ళు పడమటి వైపు తాటాకు తడికె కట్టండి. పైకప్పు రేకు అయితే దాని మీద తాటాకో కొబ్బరి మట్టలో మందంగా వేసి, ఎండ ముదిరినప్పుడు తడపండి. గోనెపట్టాలు తడిపి జాలీకి వేలాడదీయొచ్చు కానీ గాలి ఆడాలి, నాలుగు వైపులా కడితే లోపల ఉక్కిరిబిక్కిరి.

నీళ్ళ గిన్నె ఎండలో ఉంటే ఆ వేడినీళ్ళు పిల్లలు ముట్టవు. నీడలో పెట్టి పగలు మూడు నాలుగుసార్లు మార్చండి. మొదటి రెండు వారాలు గిన్నెలో గోళీలో చిన్న గులకరాళ్ళో వెయ్యండి, లేకపోతే పిల్లలు పడి మునుగుతాయి. మా మనవడి గోళీల డబ్బా అలాగే ఖాళీ అయింది.

ఊక తడిసి ముద్ద కడుతోంది, రెట్టలో ఎరుపు కనిపిస్తోంది

ముందు ఒక మాట. ప్రతి కొన్ని రెట్టలకు ఒకసారి కోడి చింతపండు గుజ్జులాంటి జిగట రెట్ట వేస్తుంది. అది మామూలే. కొత్తవాళ్ళు దాన్ని చూసి టెన్షన్ పడి మందులు పోసేస్తారు. నిజంగా నెత్తురు కనిపించి, పిల్ల రెక్కలు వేలాడేసి మూల కూర్చుంటే అప్పుడు కాక్సీడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే నెత్తురు విరేచనాల జబ్బు) అని అనుమానించాలి. మూడు నుంచి ఆరు వారాల వయసులో ఎక్కువ.

ఆ పరాన్నజీవి గుడ్లు రెట్టతో బయటపడతాయి. తడీ వెచ్చదనమూ దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో పిల్లకు అంటుకునే స్థితికి వస్తాయి. పొడి ఊకలో ఆ ఆటలు సాగవు. కాబట్టి ఆంప్రోలియం లాంటి మందును పశువైద్యుడు చెప్పిన మోతాదులో నీళ్ళలో ఇవ్వాలి, అదే రోజు తడి ఊక తీసి పారెయ్యాలి. మందు ఇచ్చి ఊక వదిలేస్తే పది రోజుల్లో మళ్ళీ మొదటికే వస్తారు.

ఊక పొడిగా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. గుప్పెడు తీసి గట్టిగా నలిపి వదలండి. లడ్డూలా నిలిస్తే తడి, రాలిపోతే బాగుంది. రెండు మూడు అంగుళాల మందం వరిపొట్టు వేసి, రోజూ ఒకసారి పలుగుకర్రతో తిరగెయ్యండి. మిల్లు దగ్గర ఊక తెచ్చేటప్పుడు బూజు వాసన చూసుకోండి. రంపపు పొట్టు మొదటి వారం వద్దు, మేత అనుకుని తినేస్తాయి.

ఇక తడి ఎక్కడి నుంచి వస్తోంది? మూడు చోట్ల చూడండి. నీళ్ళ గిన్నె నేల మీదే ఉంటే పిల్లలు ఊక చిమ్మి తొక్కి తడిపేస్తాయి. ఇటుక మీద పెట్టి, అంచు పిల్ల వీపు ఎత్తుకు వచ్చేలా చూసుకోండి, పెరిగేకొద్దీ ఇటుకలు పెంచండి. రెండోది వానజల్లు. చూరు జాలీకి రెండు మూడు అడుగులు ముందుకు ఉండాలి. మూడోది నేల, మన దగ్గర ఇదే పెద్ద తంటా. నల్లరేగడి ఒకసారి నానితే వారం ఆరదు, మట్టినేల గూళ్ళలో తడి కింద నుంచి ఊకలోకి ఎక్కుతుంది. కంకర పోసి, పైన సిమెంటు వేసి, నేలను ఎత్తు చెయ్యండి. ఎంత ఎత్తు అంటే, గట్టి వాన పడ్డప్పుడు మీ పెరట్లో నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయో దానికి అడుగు పైన. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళల్లోకి వచ్చిన నాటి లెక్క వేసుకోకండి, దానికి ఏ గూడూ ఆగదు.

గూట్లోకి వంగితే కళ్ళు మండుతున్నాయి

అమ్మోనియా, అంటే తడి రెట్ట నుంచి వచ్చే ఘాటు వాయువు. నిలబడి వాసన చూస్తే తెలియదు, పిల్ల ముక్కు ఎత్తుకు కూర్చుని చూడాలి. మీకు మండితే వాటికి ఎప్పటి నుంచో మండుతున్నట్టే. కళ్ళలో నీరు, తుమ్ములు అందుకే. వానాకాలంలో జల్లు పడుతోందని ప్లాస్టిక్ పట్టా కింద నుంచి పై దాకా బిగించేవాళ్ళ గూళ్ళలో ఇది ఖాయం. పట్టాను పై నుంచి జానెడు వదిలి కట్టండి, వేడిగాలి, వాసన అటు పోతాయి, జల్లు పిల్లల మీద పడదు.

పొద్దున లెక్క పెడితే ఒకటి తక్కువ

ఈకా నెత్తురూ లేకుండా మాయమైతే చాలావరకు పామో పిల్లో. మెడ కొరికి అక్కడే వదిలేసి, రెండు మూడింటిని ఒకేసారి చంపితే ముంగిస. నేలలో కొత్త బొరియ కనిపిస్తే పందికొక్కు, పంటకాలువ దగ్గర ఇళ్ళకు ఇది మరీ ఎక్కువ.

షాపులో "కోళ్ళ జాలీ" అని అమ్మే ఆరు మూలల సన్నటి జాలీ కోళ్ళను లోపల ఉంచుతుంది కానీ శత్రువును బయట ఉంచదు. కుక్క పళ్ళతో చింపేస్తుంది, పిల్లి పంజా దూర్చి పిల్లను లాగుతుంది. కింది రెండడుగుల వరకు అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (గట్టి ఇనుప జాలీ) వెయ్యండి. అడుగున దాన్ని బయటికి అడుగు మడిచి మట్టి కప్పితే తవ్వే జంతువు మెష్ మీదే గీకి గీకి పోతుంది. తలుపు కింద సందు చూశారా? బొటనవేలు దూరితే ఎలుక కూడా దూరుతుంది.

ఎలుకల విషయంలో గుంటూరు జిల్లా వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. పక్షులకు మిరప ఘాటు తెలియదు, ఎలుకలకు తెలుస్తుంది. మేతలో కొంచెం ఎండుమిరప పొడి కలిపితే కోళ్ళు మామూలుగానే తింటాయి, ఎలుకలు వెనకాడతాయి. ఇదే కారణంగా, పొడుచుకున్న చోట కారం రాస్తే మిగతావి పొడవవు అనే చిట్కా పనిచెయ్యదు. గాయం ఉన్న పిల్లకు నరకం, పొడిచేదానికి ఏమీ కాదు.

ఒకదాన్నొకటి తోక దగ్గర పొడుచుకుంటున్నాయి

ఇరుకు. పిల్లలప్పుడు తెచ్చిన గూడే రెండు నెలలకు కూడా సరిపోతుందనుకోవడం అందరం చేసే పొరపాటు. నాలుగు వారాల దాకా పిల్లకు అర చదరపు అడుగు, ఎనిమిది వారాల దాకా ఒకటి, ఆ తర్వాత కనీసం రెండు. అంటే 25 పిల్లలకు చివరికి 50 చదరపు అడుగులు. ముందే అంత కట్టి, మొదట్లో అట్టతో అడ్డుకట్టి, పెరిగేకొద్దీ జరపండి. వెలుతురు ఎక్కువైనా పొడుచుకుంటాయి, ఎర్ర వెలుతురులో అది తగ్గుతుంది. అలాగని బల్బుకు ఎర్ర కాగితం చుట్టొద్దు, కాలుతుంది, ఎర్ర బల్బే కొనండి. నెత్తురు కనిపించినదాన్ని ఆ క్షణమే వేరు చెయ్యండి.

నూకలే మేతగా పెడుతున్నా ఇలాగే జరుగుతుంది. నూకల్లో మాంసకృత్తులు తక్కువ. మొదటి రెండు నెలలు చిక్ స్టార్టర్ మేత ఇవ్వండి. గుడ్ల కోళ్ళ మేత మిగిలింది కదా అని పిల్లలకు పెట్టకండి, అందులోని సున్నం వాటి మూత్రపిండాలను పాడు చేస్తుంది.

కాళ్ళు రెండు వైపులా చాపేసి లేవలేకపోతున్నాయి

నున్నటి పేపరు మీద జారడం వల్ల. పేపరు మీద గోనెగుడ్డ పరవండి. చాపిన కాళ్ళను మెత్తటి గుడ్డపీలికతో మామూలు దూరంలో వదులుగా కట్టి ఉంచితే, రెండు మూడు రోజుల్లో చాలా పిల్లలు లేస్తాయి.

గూడంతా బాగుంది, అయినా మెడ తిప్పుతూ, పచ్చగా విరేచనమవుతూ చనిపోతున్నాయి

ఇక్కడ గూడును తప్పుపట్టలేం. ఇది కొక్కెర తెగులు, అంటే రాణీఖేత్. వచ్చాక మందు లేదు, ముందు టీకా ఒక్కటే దారి. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా అనే రాణీఖేత్ టీకా కంట్లో ఒక చుక్క, రెండో వారంలో గంబోరో అనే వేరే జబ్బుకు టీకా, నాలుగో వారంలో మళ్ళీ లసోటా, ఎనిమిదో వారం దగ్గర రాణీఖేత్‌కే ఆర్2బి అనే టీకా ఇంజెక్షన్. టీకా సీసా వందల డోసుల్లో వస్తుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడెయ్యాలి. మా వీధిలో నలుగురం కలిసి ఒకే ఆదివారం వేయించుకుంటాం. ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో తేవాలి, జేబులో వేసుకొచ్చిన టీకా నీళ్ళతో సమానం.

రెండు రోజుల్లో ఒకేసారి ఎక్కువ పోతే చనిపోయినవాటిని చేత్తో ముట్టకండి, కాలువలో పడెయ్యకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక మనమూ అంత జాగ్రత్త పడాల్సిందే. పశువైద్యశాలకు గానీ 1962కు గానీ ఫోన్ చెయ్యండి.

సాయంత్రం గూట్లోకి రాకుండా చెట్టెక్కుతున్నాయి

బయట తిరగనివ్వడం మొదలుపెట్టాక వచ్చే గొడవ ఇది. వారం పాటు బయటికి వదలకుండా గూట్లోనే ఉంచి, మేత కూడా లోపలే వేస్తే అదే ఇల్లని గుర్తుపెట్టుకుంటాయి. ఆరు వారాలు దాటాక లోపల కూర్చోవడానికి కర్ర కట్టండి, రెండంగుళాల మందం, అంచులు నునుపుగా. గూట్లో కర్ర లేకపోతే కొమ్మ వెతుక్కోవడం వాటి తప్పు కాదు. మావాటిలో ఒక పుంజు మాత్రం ఏం చేసినా వినలేదు. రోజూ దీపాలవేళకు జామచెట్టు రెండో కొమ్మ మీద నుంచి టార్చి పట్టుకుని దించుకోవడమే.