పాత కార్బ్యురేటర్ ఇంజన్‌కు ఎలక్ట్రానిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బిగించడం ఎలా?

ఈ మార్పు చేయించుకుని, కొన్నాళ్లకే గేర్‌బాక్స్ కాలిపోయిందని నా దగ్గరికి వచ్చే బండ్లలో నేను ముందు చూసేది గేర్‌బాక్స్‌ని కాదు. బానెట్ ఎత్తి, కార్బ్యురేటర్ పక్కన బిగించిన థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ని (టీపీఎస్, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పేది) చూస్తాను. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. గేర్‌బాక్స్‌ని ఎత్తి బిగించడం ఓపిక ఉన్న ఎవరైనా చేయగలరు. చెడేదల్లా ఆ చిన్న సెన్సర్ దగ్గరే. అందుకే మిగతావి గబగబా చెప్పేసి, దాని దగ్గర తీరిగ్గా ఆగుతాను.

ఉదాహరణకు షెవర్లే స్మాల్ బ్లాక్ 350 ఇంజన్, దాని వెనక జనరల్ మోటార్స్ (జీఎం) 4ఎల్60ఈ గేర్‌బాక్స్ తీసుకుందాం. ఈ గేర్‌బాక్స్ 1993లో వచ్చింది. గేర్ నిష్పత్తులు 3.06, 1.63, 1.00, 0.70. ఇంజన్ బలం బాగా ఎక్కువైతే 4ఎల్80ఈ వాడండి, పద్ధతి ఇదే.

కావలసినవి

గేర్‌బాక్స్, దానికి సరిపోయే టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది), ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్ వెనక కన్వర్టర్‌ని బిగించే పళ్లెం), విడిగా పనిచేసే గేర్‌బాక్స్ కంట్రోలర్, దాని వైరింగ్, కార్బ్యురేటర్‌కు బిగించే టీపీఎస్ కిట్, ఆయిల్ కూలర్, మల్టీమీటర్, ఆయిల్ ప్రెషర్ గేజ్, గేర్‌బాక్స్ జాకీ. కంట్రోలర్ కొనేటప్పుడు ల్యాప్‌టాప్‌కి కలిపి, బండి నడుస్తుండగా అంకెలు చూడగలిగేదే కొనండి. రెండు మూడు బటన్లు మాత్రమే ఉన్న డబ్బాలు వద్దు. లోపల ఏం జరుగుతోందో కనబడకపోతే దేన్ని సరిచేస్తారు?

కొనే ముందు మూడు విషయాలు చూసుకోండి. జీఎం తర్వాతి తరం ఎల్ఎస్ ఇంజన్ల కోసం తయారైన 4ఎల్60ఈలో ఇన్‌పుట్ షాఫ్ట్, బెల్ హౌసింగ్ (ఇంజన్‌కు అతుక్కునే ముందు భాగం), కన్వర్టర్ వేరు. అది పాత బ్లాక్‌కు నేరుగా కుదరదు. స్మాల్ బ్లాక్‌లో 1985 వరకు వెనక ఆయిల్ సీల్ రెండు ముక్కలది, 1986 నుంచి ఒకే ముక్క. రెండింటికీ ఫ్లెక్స్‌ప్లేట్ వేరు, బ్యాలెన్సింగ్ కూడా వేరు. పాతదే కదా అని ఏదో ఒకటి బిగిస్తే ఇంజన్ వణుకుతుంది. ఇక వెనక యాక్సిల్ నిష్పత్తి. 3.08 ఉన్న బండిలో నాలుగో గేరు పడితే మొత్తం 2.16కి దిగిపోతుంది, ఇంజన్ ఈడ్చుకుంటూ పోతుంది. 3.42 కన్నా తక్కువ ఉంటే ముందు యాక్సిల్ సంగతి చూడండి, గేర్‌బాక్స్ సంగతి తర్వాత.

గేర్‌బాక్స్ ఎక్కించడం

కన్వర్టర్‌లో ఒక లీటరు ఆయిల్ పోసి, తిప్పుతూ లోపలికి నెట్టండి. అది మూడు చోట్ల కూర్చోవాలి: ఇన్‌పుట్ షాఫ్ట్ మీద, స్టేటర్ మీద, చివరగా పంప్‌లో. కూర్చున్న ప్రతిసారీ చేతికి తెలుస్తుంది. బెల్ హౌసింగ్ బ్లాక్‌కి చేత్తో నెడితే అతుక్కోవాలి. అతుక్కోకపోతే కన్వర్టర్ పంప్‌లోకి దిగనట్టే. బోల్టులతో లాగి దగ్గరకు తెచ్చారా, పంప్ పగిలినట్టే. బోల్టులు బిగించాక కన్వర్టర్‌కీ ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అప్పుడే కన్వర్టర్‌ని ముందుకు లాగి బిగించండి.

గేర్‌బాక్స్‌ని కింద మోసే క్రాస్ మెంబర్ వెనక్కి జరపాల్సి రావచ్చు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కొలిచి, బండి చక్రాల మీద నిలబడి ఉండగా స్లిప్ యోక్ (గేర్‌బాక్స్‌లోకి దూరే షాఫ్ట్ ముందు కొస) పూర్తిగా లోపలికి పోకుండా 25 మిల్లీమీటర్లు బయట ఉండేలా చేయించండి. 4ఎల్60ఈకి 27 పళ్ల యోక్, 4ఎల్80ఈకి 32 పళ్లది. పాత కూలర్ పైపులు కడగకుండా వాడొద్దు.

వైరింగ్

కంట్రోలర్‌కు బ్యాటరీ నుంచి విడి ఫ్యూజుతో లైన్ ఇవ్వండి. కీ లైన్ మాత్రం స్టార్టర్ తిరుగుతున్నప్పుడు కూడా కరెంటు ఉండే చోటు నుంచే తీసుకోండి. జాయింట్లన్నీ క్రింపింగ్ చేయండి. సోల్డర్ చేసిన వైరు ఇంజన్ అదురుకి అతుకు పక్కనే విరుగుతుంది.

వేగం సిగ్నల్ గేర్‌బాక్స్ వెనకున్న సెన్సర్ నుంచి వస్తుంది, షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే 40 పల్సులు. ఆర్‌పీఎం సిగ్నల్ డిస్ట్రిబ్యూటర్ ట్యాక్ టెర్మినల్ నుంచి తీసుకోండి. విడిగా కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్ బాక్స్ ఉంటే దాని ట్యాక్ అవుట్‌పుట్ నుంచే తీసుకోవాలి. కాయిల్ నెగటివ్‌కి కలిపితే అక్కడున్న వందల వోల్టులు కంట్రోలర్‌ని ఒక్క క్షణంలో కాల్చేస్తాయి. ప్లగ్ వైర్లు రెసిస్టర్ రకానివే వాడండి, లేకపోతే సిగ్నల్‌లోకి రొద చొరబడుతుంది.

టీపీఎస్: ఇక్కడ తొందరపడకండి

పాత టీహెచ్350 గేర్‌బాక్స్‌కు ఇంజన్ ఎంత బరువు లాగుతోందో వ్యాక్యూమ్ మాడ్యులేటర్ చెప్పేది. 700ఆర్4కు ఆ పని టీవీ కేబుల్ (థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే థ్రాటిల్ వాల్వ్ కేబుల్) చేసేది. 4ఎల్60ఈలో రెండూ లేవు. మనం పెట్టే టీపీఎస్ చెప్పిందే దానికి వేదం. గేరు ఎప్పుడు మార్చాలన్నది ఒక్కటే కాదు, క్లచ్ ప్లేట్లను ఎంత ప్రెషర్‌తో నొక్కి పట్టుకోవాలన్నది కూడా కంట్రోలర్ దాన్నిబట్టే నిర్ణయిస్తుంది. మీరు పెడల్ పూర్తిగా తొక్కారు, టీపీఎస్ 60 శాతమే చూపించింది అనుకోండి. ఇంజన్ తన పూర్తి బలంతో తిప్పుతుంది, ప్లేట్లు సగం బలంతో పట్టుకుంటాయి. అవి జారతాయి, మాడతాయి. ముందు పోయేది మూడు, నాలుగు గేర్లలో పట్టే 3-4 క్లచ్, ఈ గేర్‌బాక్స్‌లో బలహీనమైన చోటు అదే.

ఇది నా చేతుల మీదుగా జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. తొలిరోజుల్లో ఒక బండికి పల్చటి రేకుతో బ్రాకెట్ చేశాను. షెడ్డులో చూస్తే అంకెలన్నీ బాగున్నాయి. ఎయిర్ క్లీనర్ బిగించాక దాని అంచు బ్రాకెట్‌ని కొద్దిగా నెట్టింది, పెడల్ పూర్తిగా తొక్కినా రీడింగ్ 70 శాతం దాటలేదు. కొద్ది వారాల్లోనే ఆయిల్ మాడిన వాసనతో బండి వెనక్కి వచ్చింది. గేర్‌బాక్స్ మొత్తం విప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి 3 మిల్లీమీటర్ల కన్నా పల్చటి బ్రాకెట్ వాడలేదు, మీరూ వాడొద్దు.

ముందు కార్బ్యురేటర్ పని ముగించండి. ఇంజన్ బాగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా తెరుచుకోవాలి, ఐడిల్ స్క్రూ ఇక ముట్టుకోనక్కర్లేని స్థితికి రావాలి. చల్లటి ఇంజన్ మీద ఫాస్ట్ ఐడిల్ క్యామ్ థ్రాటిల్‌ని కాస్త తెరిచి ఉంచుతుంది. ఆ స్థితినే సున్నా అని కంట్రోలర్‌కు నేర్పిస్తే వేడెక్కాక లెక్క మొత్తం తప్పుతుంది. తర్వాత ఎప్పుడు ఐడిల్ మార్చినా ఈ కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి.

సెన్సర్‌కు మూడు వైర్లు: 5 వోల్టులు, సిగ్నల్, ఎర్త్. ఎర్త్ వైరు కంట్రోలర్‌కే వెళ్లాలి, ఇంజన్ బ్లాక్‌కి కాదు. బ్లాక్‌కి ఇస్తే స్టార్టర్, ఆల్టర్నేటర్ కరెంటు వల్ల రీడింగ్ ఊగుతుంది.

థ్రాటిల్‌ని సెన్సర్‌కు కలిపే లింకు రాడ్ బిగించేటప్పుడు థ్రాటిల్ సగం తెరిచి ఉంచి, ఆ స్థితిలో రాడ్‌కీ సెన్సర్ ఆర్మ్‌కీ మధ్య లంబకోణం వచ్చేలా చూడండి. కోణం తప్పితే పెడల్ మొదట్లోనే రీడింగ్ దూకేసి, చివర్లో కదలకుండా పోతుంది. ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. థ్రాటిల్‌ని ఆపేది కార్బ్యురేటర్ స్టాపే కావాలి, సెన్సర్ కాకూడదు. సెన్సర్ ముందుగా చివరికి చేరితే లోపల విరుగుతుంది, లేదా రాడ్ అడ్డం తిరిగి థ్రాటిల్ తెరిచినట్టే బిగుసుకుపోతుంది. రోడ్డు మీద అలా జరిగితే పోయేది గేర్‌బాక్స్ కాదు, ప్రాణం. రిటర్న్ స్ప్రింగులు రెండు ఉండాలి. సెన్సర్ లోపలి స్ప్రింగ్‌ని ఆ లెక్కలో కలపకండి. ఇంజన్ ఆపి, పెడల్‌ని ఇరవైసార్లు తొక్కి వదలండి. ఒక్కసారి కూడా ఎక్కడా ఇరుక్కోకూడదు.

ఇప్పుడు కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, సిగ్నల్ వైరు మీద మల్టీమీటర్ పెట్టండి. పెడల్ వదిలినప్పుడు 0.5 నుంచి 0.7 వోల్టులు, పూర్తిగా తొక్కినప్పుడు 4.0 నుంచి 4.5 దాకా రావాలి. 5 రావాలని పాకులాడకండి, కంట్రోలర్ దాన్ని వైరు తెగినట్టు లెక్కేస్తుంది. తొక్కుతుంటే వోల్టేజి తగ్గుతోందంటే 5 వోల్టుల వైరు, ఎర్త్ వైరు అటూఇటూ మార్చండి. పెడల్‌ని చాలా నెమ్మదిగా నొక్కిస్తూ అంకెలు గమనించండి. ఎక్కడా ఆగకుండా, దూకకుండా పెరగాలి.

పెడల్‌ని లోపల కూర్చున్న మనిషే తొక్కాలి. కార్బ్యురేటర్ దగ్గర చేత్తో లాగి, పూర్తి థ్రాటిల్ వచ్చేసిందని చాలామంది సరిపెట్టుకుంటారు. పెడల్ నేలకు తగిలినా కేబుల్ సాగడం వల్ల థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. అలా ఉంటే ముందు కేబుల్ సరిచేసి, ఆ తర్వాతే కంట్రోలర్‌లో రెండు చివరలూ సేవ్ చేయండి. ఎయిర్ క్లీనర్ బిగించాక ఇదంతా మరోసారి చూడండి.

టీపీఎస్ బదులు ఇంజన్ వ్యాక్యూమ్ కొలిచే మ్యాప్ సెన్సర్ పెడితే చాలదా అని అడుగుతారు. రేస్ క్యామ్ ఉన్న ఇంజన్‌లో ఐడిల్ వ్యాక్యూమ్ గంతులేస్తుంటుంది, దాంతోపాటు ప్రెషరూ గంతులేస్తుంది. కార్బ్యురేటర్ ఇంజన్‌కు టీపీఎస్ ఒక్కటే. ఇంత టెన్షన్ ఎందుకు, 700ఆర్4 పెట్టుకుంటే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. ఆ టీవీ కేబుల్ కోణం కాస్త తప్పినా ప్లేట్లు ఇలాగే కాలతాయి. పైగా అది తప్పిందని చూపించే అంకె ఎక్కడా ఉండదు. ఇక్కడ కనీసం తెర మీద కనబడుతుంది.

మొదటిసారి నడపడం

యాక్సిల్ నిష్పత్తి, టైరు కొలత కంట్రోలర్‌లో ఇవ్వండి. ఆయిల్ లెవెల్‌ని ఇంజన్ వేడెక్కి, పార్క్‌లో ఐడిల్ మీద తిరుగుతుండగా చూడండి. గేర్‌బాక్స్ పక్కన ఉన్న ప్రెషర్ పోర్టుకు గేజ్ కలిపి, పొడవాటి గొట్టంతో లోపలికి తెచ్చుకుని, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడపండి. పెడల్ నొక్కేకొద్దీ ప్రెషర్ పెరగాలి. పెరగకపోతే అక్కడే ఆపి టీపీఎస్ దగ్గరికి వెళ్లండి. డ్రైవ్‌లో పెట్టినా బండి మూడో గేరులోనే బద్ధకంగా కదిలిందంటే కంట్రోలర్‌కు కరెంటు అందడం లేదని అర్థం. గేర్లు మార్చే కరెంటు వాల్వులకు, అంటే సోలినాయిడ్లకు, కరెంటు లేనప్పుడు ఈ గేర్‌బాక్స్ మూడో గేరులో, పూర్తి ప్రెషర్‌తో ఉండిపోతుంది. ముందు ఫ్యూజులు చూడండి.

మొదటి 100 కిలోమీటర్లు పెడల్ సగం దాటి తొక్కకండి. ఆ తర్వాత ఆయిల్ రంగు, వాసన చూసి, ల్యాప్‌టాప్ కలిపి పెడల్‌ని మరోసారి నేల దాకా తొక్కించండి. రీడింగ్ 100 శాతానికి చేరుతోందంటే టీపీఎస్ కిట్ స్క్రూలకు థ్రెడ్‌లాక్ వేసి బిగించేయండి.