సీరియల్లో నటించాలనుకునే మన జిల్లా ఆడపిల్లలకి

నాది విజయనగరం జిల్లా గజపతినగరం. సీరియళ్లలో అమ్మ, అత్త, వదిన వేషాలు వేస్తాను. సెలవుకి ఇంటికొస్తే బొబ్బిలి, పాలకొండ వైపు పిల్లలు వచ్చి "పిన్నీ, మాకు వేషం ఎలాగొస్తాది?" అని అడుగుతారు. వాళ్లకి చెప్పేదే రాస్తున్నాను.

ముందు గొంతు సిద్ధం చేసుకోండమ్మా. ముఖం సంగతి మేకప్ వాళ్లు చూస్తారు. రోజూ పేపరు పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. శ, స, ళ, ల తేడా తెలియాలి. మన యాసని మాత్రం వదులుకోవద్దు, రెండూ నాలిక మీదుండాలి. ఎక్కడైనా హరికథ ఉంటే ముందు వరసలో కూర్చోండి. ఒక్క మనిషే గొంతు మార్చి సీతా అవుతాడు, రావణుడూ అవుతాడు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారే. మన నేలకి ఆ విద్య కొత్త కాదు.

సెట్లో అందరూ తడబడేది ప్రాంప్టింగ్ దగ్గరే. డైలాగు పేపరు షాట్‌కి కాస్త ముందే చేతికొస్తుంది. అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి ముక్కముక్కగా అందిస్తుంటే, మనం వింటూనే ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి చెప్పాలి. ఇంట్లోనే అలవాటు చేసుకోవచ్చు. చెల్లిని పక్కన నిలబెట్టి ఏదైనా కథ చదివించండి, మీరు అద్దంలో చూస్తూ అదే మాట చెప్పండి. మాట వినబడ్డ వైపు కళ్లు తిరిగితే క్లోజప్‌లో దొరికిపోతారు. చూపు కదలకుండా ఒక పేజీ చెప్పగలిగేదాకా ఆడిషన్‌కి వెళ్లొద్దంటాను.

కర్ణాటక నుంచి వచ్చే హీరోయిన్లు చాలామంది. వాళ్లకి డబ్బింగ్ ఆర్టిస్టులు గొంతిస్తారు. తెలుగు పిల్లకి ఆ అవసరం ఏముంది? "నా పాత్రకి నేనే చెప్పుకుంటాను, ఒక్క సీను వినండి" అని మొదటే అడగండి. మీరు ఏడ్చిన ఏడుపు మీ గొంతుతోనే జనానికి చేరాలి. డబ్బింగ్‌కి విడిగా డబ్బిస్తారో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి.

పేమెంటు రోజు లెక్కన ఉంటుంది, చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. తేదీ, కాల్షీటు (ఆ రోజు ఎంతసేపు పనో), రావాల్సింది నోటుబుక్కులో రాసుకోండి. టీడీఎస్ (డబ్బు ఇచ్చేముందే కోసే పన్ను) 10 శాతం పట్టుకుంటే, అది మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపు పన్ను శాఖ సైట్‌లో చూడండి. మీ ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. చీరలు చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి. సన్నచారలవి కొనకండి, కెమెరాలో అలలు అలలుగా కదిలినట్టు కనబడతాయి.

వేషానికి ముందే డబ్బడిగినా, ఆడిషన్ హోటల్ గదిలో అన్నా వెనక్కి వచ్చేయండి. సెట్లో ఎవరైనా వేధిస్తే నోరు మూసుకోవద్దు. పనిచేసేచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులు ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. చిన్న సంస్థయితే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. అది జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు రాసివ్వాలి.

హీరోయిన్ వేషాలు కొన్నేళ్లే వస్తాయి. అక్క, వదిన పాత్రకి కబురొస్తే అలగకుండా ఒప్పుకోండి. కథ మలుపు తిరిగే సీన్లు ఎక్కువ వాళ్ల మీదే రాస్తారు, పనీ ఎక్కువ రోజులుంటుంది.